ఒకటి ఎక్కువ

సొహార్ రేవు ఎనక, మూడో నంబర్ షెడ్డు.
డిసెంబర్ ఆఖరి వారం.
ఇక్కడ చలి అంటే ఫ్యాను బందు చేసుడే.

ఏడాది లెక్క నడుస్తున్నది.
రుహుల్ ర్యాకు మీద నిలబడి అంకెలు అరుస్తడు,
నేను కింద బిన్‌కార్డు మీద టిక్కు కొడుత.
గాస్కెట్లు, రెండించులవి, నూటా పద్నాలుగు.
ఉన్నయి.
బోల్టులు లెక్కపెట్టం, తూకమేస్తం.
కిలోలను ముక్కలు చేసే పట్టిక
పదకొండేండ్లల్ల ఎక్కం తీరుగ నోటికొచ్చింది.
గ్లౌజులు ఆరు జతలు తక్కువ.
గ్లౌజులు ఎప్పుడూ తక్కువనే,
దానికొక మాట ఉన్నది: అరుగుదల.

పదిహేడో ర్యాకు, అడుగు అర.
ఎనిమిదించుల స్పేడ్ బ్లాంకులు, పిడి ఉన్నవి.
పుస్తకంల నాలుగు.
రుహుల్ "పాంచ్" అన్నడు.
మళ్లా చూడుమన్న.
"పాంచ్, భాయ్."

తక్కువొస్తే తోవలున్నయి.
దేవులాడుతం, తిట్టుకుంటం, ఎవలి జీతంలనో కోస్తం.
ఎక్కువొస్తే ఏం చెయ్యాల్నో
ఈ కొలువు నేర్పిన కోయా సాబ్ సుత చెప్పలే.
ఇనుము పిల్లల్ని పెట్టదు గద.

వంగి చూసిన.
నాలుగింటికి కంపెనీ గ్రీజు, మీద మైనం కాగితం.
ఐదోది నల్లగ, నున్నగ,
పీచుతోటి రుద్ది రుద్ది కడిగినట్టు.
ముక్కు దగ్గర పెట్టుకున్న.
మాడిన గోధుమపిండి.

గుల్‌బాజ్.

స్వాత్ దిక్కు మనిషి, పైపుల పని.
నాలుగేండ్ల కింద షట్‌డౌన్ల ఒక బ్లాంకు చెడిపోయిందని చీటీ తెచ్చిండు.
స్క్రాప్ అని రాసింది నేనే.
చూసి రాసిన్నా, చూడక రాసిన్నా
ఇప్పుడు అడుగకున్రి.

క్యాంపుల, పద్నాలుగో రూము ఎనక, పొయ్యి మీద
ఆరు కిలోల ఇనుము.
వేడెక్కనీకే అర్ధగంట,
ఎక్కినంక మాట తప్పదు.
ఇరవై రొట్టెలు, ముప్పై రొట్టెలు,
నైట్‌షిఫ్టు దిగినోళ్లకు వేరే.
పైపుల నూనెను ఆపెటందుకు పుట్టిన పలక
చెంచా చెంచా నూనె తాగుకుంట నల్లబడ్డది.

ఒక శుక్రవారం నేను దానిమీద సర్వపిండి కాల్చిన.
పల్లీలు, నువ్వులు, ఇంత ఉల్లాకు.
వేలితోటి చిల్లులు పెడుతుంటె వంగి చూసి
"ఎన్ని బోల్టులు?" అన్నడు.
గుండ్రంగ ఎనిమిది పెట్టిన.
లెక్కపెట్టుకున్నడు నిజంగనే.
"నూటయాభై క్లాసు, సరిపోయింది" అని
అంచు విరుసుకున్నడు.

అక్టోబర్ల ఆయన పాస్‌పోర్టుకు ఎగ్జిట్ పడ్డది.
ముందొచ్చింది ముందు పోవాలె, ఇది స్టోరు ధర్మం.
ఆయన నా ఎనక రెండేండ్లకు వచ్చినోడు.
హెల్మెటు, నడుము బెల్టు, రెంచీల పెట్టె
ఒక్కొక్కటి బల్ల మీద పెట్టిండు.
ఇంకేమన్న బాకీ ఉన్నదా అని ఫారం అడుగుతది.
ఏం లేదని ఆయన,
ఏం లేదని నేను.
తాళంచెవి నా నడుముకే ఉంటది.
ఎప్పుడు లోపలికొచ్చిండో,
చీటీ లేకుంట, సంతకం లేకుంట,
సరిగ్గ దాని అరల దాన్ని ఎట్ల పెట్టిపోయిండో.

మస్కట్ నుంచి వచ్చిన ఆడిటర్ బుథైనా మేడం
పెన్ను మూత కొరుక్కుంట అడిగింది: కారణం?
కారణం గడి రెండు వేళ్ల వెడల్పు.
వాపసు, అని రాసిన.
ఎవరి నుంచి?
కాకిలెక్క రాసే అలవాటు లేదు నాకు.
కలం ఆగింది.
ఆమె రెండు చేతులతోటి పలకను లేపింది,
దించి, వేళ్లు వాసన చూసుకుంది,
ఒకసారి నా దిక్కు చూసింది.
"కండిషన్?"
"మంచిగున్నది."
పేజీ తిప్పింది.

సముద్రపు గాలి.
ఇనుమును రెండు రోజులు ఒట్టిగ ఇడిస్తే తుప్పు.
రుహుల్ గ్రీజు డబ్బా పట్టుకొచ్చిండు.
ఆగు, అన్న.
క్యాంటీన్లకు పోయి
ఒక గిన్నెల ఇంత వంటనూనె పట్కరా.